వెయ్యిన్నీ తొంభై

కొలత ఆరు పాయింట్ తొమ్మిది సెంటీమీటర్లు.
మా ఆవిడ కుట్టుమిషను టేపుతో కొలిచి
పాత కేబుల్లోంచి తీసిన రాగితీగ ఒకటి నిలబెట్టి
మరో నాలుగు గొడుగు ఊచల్లా కిందికి వంచి
డాబా మీద పీవీసీ గొట్టం చివర బిగించాను.
అంతే.
ఆకాశం మాట్లాడుతుంది.

బారువలో టీవీలు బాగుచేయించుకునేవాళ్లు లేరిప్పుడు.
షట్టరు సగం దించుకుని కూర్చుంటే
భుజంగం గాల్లోకి పోయాడంటారు. నిజమే.
మెగాహెర్ట్జుల్లో వెయ్యిన్నీ తొంభై, అదే నా వీధి.

రాత్రి పదకొండు దాటాక కలకత్తా నుంచి మద్రాసుకి ఒకటి.
ముప్పై ఆరు వేల అడుగుల మీద
నేను ఫలానా, ఇంత ఎత్తు, ఇంత వేగం, ఇటే పోతున్నాను
అని అడిగినా అడక్కపోయినా
పెళ్లింట్లో పెద్దత్తలా చెప్పుకుంటూ పోతుంది.
పడమటివి మాత్రం మహేంద్రగిరి దాటాకే పలుకుతాయి.
సముద్రం వైపు అడ్డేమీ లేదు, ఉప్పుగాలి తప్ప.
మూడు నెలలకోసారి కనెక్టరు పచ్చబడుతుంది,
నిమ్మచెక్కతో తోముతాను.

రోజూ వచ్చేవి నాకక్కర్లేదు.
వింతవి కావాలి, ఎర్రసిరాతో రాసుకునేవి.
జీడితోటల మీద దుక్కి దున్నినట్టు
పోయి వచ్చి పోయి వచ్చిన సర్వే విమానం.
ఎత్తు మాత్రం చెప్పి పేరు చెప్పకుండా పోయిన ఒకటి.
పేరు చెప్పనివాళ్లంటే నాకెందుకో గౌరవం.

వాయుగుండం తీరం దాటిన మర్నాడు, మధ్యాహ్నం
తెర మీద ఆరు అక్షరాల కోడు, ఇంకేమీ లేదు.
పదిహేను వందల అడుగులు.
అంత కిందికి ఇక్కడెవరూ రారు.
తూర్పుకి, మలుపు, పడమరకి, మలుపు,
చాప మీద జారిన సూదిని
అరచేత్తో తడుముతున్నట్టు సముద్రమంతా.

ఎర్రపెన్ను మూత తీశాను.
సంతోషంగానే తీశాను. దాచను.

షట్టరు కింద వంగి సూరాడ పోలమ్మ వచ్చింది.
ఎవరు చెప్పారో.
మొగుడి పడవ పోయి నాలుగు రోజులు.
తెర ముందు చతికిలబడి
ఆ పసుపు బొమ్మనే చూసింది చాలాసేపు.
"ఇదేటి బావూ?"
"విమానం."
"మావోలు ఏరీ?"

ఈ తెర మీదికి రావాలంటే
ఎవరి పేరు వాళ్లే అరుచుకోవాలి.
డీజిలూ ఐసూ వలా నలుగురు మనుషులూ ఉన్న పడవకి
నేనిక్కడున్నానని చెప్పుకునే నోరొక్కటి లేదు.
"పడవలు దీన్లో కనపడవమ్మా."
"మరి ఆ యిమానానికి కనపడతాయేటి?"
"దానికి కళ్లున్నాయి. నాకు చెవులే."

పన్నెండు వందలు. తొమ్మిది వందలు.
బొమ్మ ఉన్నచోటే ఆగి, వెలిసి,
నిమిషానికి చెరిగిపోయింది.
నా మొహంలోకి చూసింది.
"ములిగిపోనాదా?"
"లేదు లేదు. కిందికి దిగింది.
భూమి వంపూ మన కొబ్బరి తోటా అడ్డమొచ్చాయి.
నా గొట్టం ఎత్తు చాల్లేదు, అంతే."
"అలాగైతే ఎత్తు పెంచు,"
ఉప్పు తక్కువైతే వెయ్యమన్నంత మామూలుగా అంది.

చిన్న కొడుకుని పంపి వెదురు గడ తెప్పించింది,
తెరచాపకి వాడేది, చేపవాసన వేసేది.
దాని చివర నా రాగితీగలు వలతాడుతో తనే కట్టింది.
ఆ ముడి పేరేమిటో నాకు తెలీదు,
ఇప్పటికీ విప్పలేదు.
డాబా మీద గడని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.
గాలి ఇంకా తగ్గలేదు.
నేను కిందికి పరుగెత్తాను.

వచ్చింది.
ఏడు వందల అడుగులు. గళ్లు గియ్యడం లేదు.
ఒకేచోట గుండ్రంగా, మళ్లీ గుండ్రంగా.
దేని చుట్టూనో నాకు వినపడదు.

మెట్ల దగ్గరికొచ్చి అరిచాను,
"తిరుగుతోంది పోలమ్మా, ఒక్కచోటే తిరుగుతోంది!"

కాసేపు గాలి.
తర్వాత పైనుంచి,
"గట్టిగానే పట్టుకున్నాను. నువ్వు సూస్తుండు."